స్ట్రెచర్ దించాక: అంబులెన్స్ శుభ్రతపై పాఠకుల ప్రశ్నలు

అంబులెన్స్ లోపలి శుభ్రత గురించి మీ అనుమానాలు రాయమని కిందటి సంచికలో అడిగాం. కోనసీమ నుంచీ, పశ్చిమ డెల్టా నుంచీ ఉత్తరాలు బాగానే వచ్చాయి. 108 సిబ్బంది, ప్రైవేటు బండ్లవాళ్ళు, నర్సులు, రోగి వెంట వెళ్ళిన బంధువులు రాశారు. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం. పేర్లు తీసేసి ఊరూ, పనీ మాత్రం ఉంచాం.

ప్రశ్న: ప్రతి రోగిని దించాక బండంతా ఫినాయిల్, డెట్టాల్ కలిపిన నీళ్ళతో తుడుస్తానండి. లోపల ఘుమఘుమలాడుతూ ఉంటుంది. మొన్న ఆసుపత్రిలో నర్సమ్మగారు చూసి "ఇదేం తుడవడమయ్యా" అన్నారు. ఇరవై నిమిషాల్లో ఇంకో ఫోన్ వస్తుంది. ఇంతకంటే ఏం చెయ్యగలం?
– ప్రైవేటు అంబులెన్స్ డ్రైవర్, పాలకొల్లు

జవాబు: ఆవిడ ఏం చూసి అన్నారో ఊహించగలం. ఒక బకెట్, ఒకే గుడ్డ. మొదటి తుడుపులో గుడ్డకు అంటిన రక్తం, కఫం బకెట్‌లో దిగుతాయి. రెండో ముంపు నుంచి మీరు బండికి పూస్తున్నది ఆ నీళ్ళే. వాసన బాగుండటానికీ సూక్ష్మక్రిములు చావడానికీ సంబంధం లేదు. తెల్ల ఫినాయిల్‌లో చాలా రకాల్లో ఉండేది పైన్ నూనె, కొంచెం సువాసన. రెండు మందులు కలిపితే బలం రెట్టింపు కాదు, ఒకదాన్నొకటి చెడగొట్టుకునే జతలు చాలా ఉన్నాయి.

మీ ఇరవై నిమిషాలు చాలు, వరస మారిస్తే. వెనక తలుపులు రెండూ, పక్క తలుపూ బార్లా తెరవండి. కొత్త గ్లౌజులు వేసుకుని ముందు దుప్పటి, వాడేసిన దూది, గొట్టాలు తీసెయ్యండి. దుప్పటిని దులపకుండా, మరక లోపలికి పోయేలా చుట్టండి. ఆ తర్వాత సబ్బునీళ్ళు. రెండు లీటర్ల నీళ్ళలో రెండు చెంచాల డిటర్జెంట్ చాలు. డ్రైవర్ వెనక గోడ దగ్గర మొదలుపెట్టి వెనక తలుపుల వైపు, పైనుంచి కిందికి తుడుచుకుంటూ రావాలి. అంటే పైన పట్టుకునే కడ్డీ, అల్మరా పిడులు, స్విచ్‌లు, బెంచీ, ఆపైన స్ట్రెచర్, చివర నేల. నేల తుడుస్తూ వెనక నుంచి దిగిపోవాలి.

గుడ్డను రెండుసార్లు మడిస్తే వాడుకోవడానికి ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక ముఖం మురికైతే తిప్పండి. ఎనిమిదీ అయ్యాక ఆ గుడ్డను ఉతికే సంచిలో పడేసి కొత్తది తీసుకోండి. మురికి గుడ్డను మళ్ళీ బకెట్‌లో ముంచకూడదు. ఇది ఒక్కటి పాటిస్తే మిగతా తప్పుల్లో సగం వాటంతటవే పోతాయి. ఒక బండికి నాలుగైదు గుడ్డలు పడతాయి, స్ట్రెచర్ గుడ్డ వేరు, నేల గుడ్డ వేరు.

సబ్బు తర్వాత ఒకసారి మామూలు నీటి గుడ్డ వెయ్యండి. అప్పుడు 0.1 శాతం క్లోరిన్ నీళ్ళు, కలిపే లెక్క కింద రాజోలు ప్రశ్నలో ఉంది. క్లోరిన్ తుడిచిన చోటు పది నిమిషాలు తడిగా ఉండాలి. మే నెలలో మన ఎండకి మూడు నిమిషాల్లో ఆరిపోతుంది కనుక రెండోసారి, అవసరమైతే మూడోసారి తుడవాలి. ఆరిపోయిన మందు పని చెయ్యదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మందు సరైనదే, కొలత సరైనదే, తడి మాత్రం నిలవదు.

ఇక గుడ్డ వెళ్ళని చోట్లు. స్ట్రెచర్ పక్క కడ్డీ పైభాగం మెరుస్తూ ఉంటుంది, వేళ్ళు పట్టుకునే కింది భాగం జిగటగా ఉంటుంది. బెల్టు బకిల్ తిప్పి చూడండి, నొక్కే మీట వెనక గాడిలో ఎండిన రక్తం గోధుమరంగు పొడిలా కనిపిస్తుంది. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు బతుకుతుంది. స్టెఫైలోకాకస్, అసినెటోబాక్టర్ లాంటి బాక్టీరియా పొడి ఉపరితలాల మీద వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఉండగలవు. బీపీ పట్టీ లోపలి వైపు, ఆక్సిజన్ ఎంత వెళ్తోందో చూపే ఫ్లోమీటర్ మర, సొరుగు పిడులు, వెనక తలుపు లోపలి గడియ కూడా ఇదే జాబితాలోకి వస్తాయి. బెల్టులు గుడ్డవైతే తుడిచి లాభం లేదు. రెండో జత కొనుక్కుని, తీసినవి సబ్బులో ఉతికి ఎండలో ఆరెయ్యండి.

మీరే స్ట్రెచర్ పట్టి, అవే గ్లౌజులతో స్టీరింగ్ పడుతుంటే మాత్రం ఈ శ్రమంతా గోదాట్లో పోసినట్టే. రోగిని ఎక్కించగానే గ్లౌజులు తీసి, చేతులకు శానిటైజర్ రాసుకుని, అప్పుడు డ్రైవర్ సీట్లోకి వెళ్ళండి. చేతికి సుమారు మూడు మిల్లీలీటర్లు, ఆరేదాకా 20–30 సెకన్లు. గేర్ పిడి, స్టీరింగ్, హ్యాండ్‌బ్రేక్, ఫోన్ ప్రతి డ్యూటీ మారేటప్పుడు తుడవాలి.

ప్రశ్న: మా దగ్గర హైపో (సోడియం హైపోక్లోరైట్ ద్రవం) అయిపోతే తెప్పించడానికి రెండు మూడు రోజులు పడుతుంది. పక్కనే ఆక్వా షాపులో బ్లీచింగ్, బీకేసీ ఎప్పుడూ ఉంటాయి. చెరువులకు వాడేవే కదా, బండికి వాడితే తప్పా?
– ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్), రాజోలు

జవాబు: బ్లీచింగ్ వాడొచ్చు, బీకేసీ వద్దు.

బీకేసీ అంటే బెంజాల్కోనియం క్లోరైడ్. నేలలు, బల్లలు తుడిచే కొన్ని మందుల్లో ఉండేదీ అదే, కాబట్టి మీ ఆలోచన అర్థం లేనిది కాదు. కానీ చెరువుల డబ్బా 50 శాతం, 80 శాతం గాఢతలో వస్తుంది. దాని మీద రాసే మోతాదు ఎకరాల లెక్క. దాన్నుంచి స్ట్రెచర్‌కి కొలత తీస్తే అది ఉజ్జాయింపే అవుతుంది. ఎక్కువైతే చర్మం, కళ్ళు దెబ్బతింటాయి. తక్కువైతే సూడోమోనాస్ లాంటి బాక్టీరియా ఆ బకెట్‌లోనే కాపురం పెడతాయి. పైగా ఈ మందు నూలుగుడ్డకు అంటుకుపోతుంది, సబ్బు తగిలితే పనిచెయ్యడం మానేస్తుంది. క్షయ క్రిముల మీదా, వాంతులు విరేచనాలు తెచ్చే నోరో వైరస్ మీదా దాని ప్రతాపం అంతంత మాత్రం.

బ్లీచింగ్‌లో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి 30 శాతం పైచిలుకు క్లోరిన్ ఉన్న మామూలు పొడి. రెండోది 65 శాతం దాకా ఉండే కాల్షియం హైపోక్లోరైట్ గుళికలు. సంచి మీద శాతం చూడకుండా కొనొద్దు. ఒక లీటరు మందునీళ్ళకి లెక్క ఇదీ:

0.1 శాతానికి, అంటే రోజువారీ తుడుపుకి: 30 శాతం పొడి మూడున్నర గ్రాములు, లేదా 65 శాతం గుళికలు ఒకటిన్నర గ్రాము, లేదా 5 శాతం ద్రవ హైపో 20 మిల్లీలీటర్లు.

0.5 శాతానికి, అంటే వాంతులు విరేచనాల రోగి ఎక్కిన బండికి: పొడి 17 గ్రాములు, గుళికలు 8 గ్రాములు, ద్రవం 100 మిల్లీలీటర్లు.

1 శాతానికి, అంటే రక్తం ఒలికిన చోటికి: పొడి 33 గ్రాములు, గుళికలు 15 గ్రాములు, ద్రవం 200 మిల్లీలీటర్లు.

ద్రవ హైపో 10 శాతం డబ్బా అయితే పైన చెప్పినదాంట్లో సగం పొయ్యండి. చెంచా కొలతలు నమ్మొద్దు, గ్రాములు చూపించే చిన్న డిజిటల్ తూకం కొనుక్కోండి.

పొడిని ముందు కొద్ది నీళ్ళలో జావలా కలిపి, మిగతా నీళ్ళు పోసి, మూతపెట్టి అరగంట వదిలెయ్యాలి. సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్ళే వాడాలి. అడుగు మడ్డితో తుడిస్తే స్ట్రెచర్ మీద తెల్లపొర కడుతుంది, మడత కీళ్ళలో చేరి అవి బిగుసుకుపోతాయి. బకెట్ ప్లాస్టిక్‌దే ఉండాలి. పొద్దున కలిపినది రాత్రికి పారబోసి మర్నాడు కొత్తది కలపాలి.

ఇప్పుడు మన ప్రాంతపు ఇబ్బందులు. మొదటిది చెమ్మ. శ్రావణంలో సంచి మూతి విప్పి వదిలేస్తే పొడి గడ్డకడుతుంది, ఘాటు పోతుంది. ఘాటు లేని బ్లీచింగ్‌ని సున్నమనే అనుకోండి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, నీడలో పెట్టాలి. రెండోది ఎండ. నిలిపిన బండి లోపల వేసవిలో పొయ్యిలా కాగుతుంది. అందులో పెట్టిన హైపో సీసా రోజురోజుకీ బలం కోల్పోతుంది. మూడోది నీళ్ళు. గోదారికి ఎర్రనీరు వచ్చాక కాలువ నీళ్ళలో ఒండ్రు ఉంటుంది, కలిపిన క్లోరిన్‌లో చాలా భాగాన్ని ఆ ఒండ్రే తినేస్తుంది. తాగడానికి పనికొచ్చే తేట నీళ్ళే వాడండి. సముద్రానికి దగ్గర ఊళ్ళలో బోరు ఉప్పుగా ఉంటే దాంతో కడగొద్దు, సబ్బు నురగ రాదు, ఇనుము తుప్పు పడుతుంది.

ఎంత బలం మిగిలిందో చూడటానికి 1000 పీపీఎం పైదాకా చూపించే క్లోరిన్ పరీక్ష పట్టీలు దొరుకుతాయి. 0.1 శాతం అంటే 1000 పీపీఎం. పంచాయతీ నీటి ట్యాంకుల దగ్గర వాడే క్లోరోస్కోప్ ఇందుకు పనికిరాదు, అది లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల వరకే చూపిస్తుంది.

మూడు జాగ్రత్తలు తప్పనిసరి. బ్లీచింగ్ గుళికలను బండిలో బ్రేక్ ఆయిల్ డబ్బా పక్కన పెట్టొద్దు, రెండూ కలిస్తే కాసేపటికి దానంతటదే మంట లేస్తుంది. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బండిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. మూత్రం ఎక్కువగా పడ్డచోట నేరుగా హైపో పొయ్యొద్దు, ఘాటు ఆవిర్లు లేస్తాయి. ముందు పీల్చే గుడ్డతో తీసి, కడిగి, ఆ తర్వాతే.

ప్రశ్న: రోజూ హైపో తుడిచి స్ట్రెచర్ కీళ్ళు తుప్పుపట్టాయి. పరుపు రెక్సిన్ బీటలు వారింది. హైపో మానేసి స్పిరిట్ వాడమంటారా?
– పైలట్ (అంబులెన్స్ డ్రైవర్), ముమ్మిడివరం

జవాబు: మానక్కర్లేదు, పది నిమిషాలయ్యాక మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, పొడిగుడ్డ వెయ్యాలి. అల్యూమినియం మీద గుంటలు పడేదీ, రెక్సిన్ పెళుసెక్కేదీ మందును అలాగే వదిలేసినప్పుడు. అవసరం లేకుండా 1 శాతం వాడే అలవాటు కూడా ఒక కారణం. రోజువారీకి 0.1 దాటొద్దు. కీళ్ళకు వారానికోసారి నూనె పెట్టండి.

70 శాతం స్పిరిట్ చిన్న వస్తువులకు, అంటే పల్స్ ఆక్సీమీటర్, స్టెతస్కోప్, మానిటర్ మీటలకు. నీరు బాగా తక్కువున్న 95 శాతం కంటే ఇదే బాగా చంపుతుంది, ఎందుకంటే క్రిమిలోని మాంసకృత్తులు విరగడానికి కాస్త నీరు కావాలి. మొత్తం బండి స్పిరిట్‌తో తుడిస్తే ఆవిరి నిండుతుంది, పక్కనే ఆక్సిజన్ సిలిండర్ ఉంది. ఆ ఆలోచనే వద్దు.

చిరిగిన పరుపు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. కుట్టినా, టేపు అంటించినా లాభం లేదు. చిరుగు నుంచి రక్తం, చెమట స్పాంజిలోకి దిగాక దాన్ని శుభ్రం చేసే మందు లేదు. టేపు అంచు జిగురు మురికిని ఇంకా పట్టి ఉంచుతుంది. మార్చెయ్యండి.

ప్రశ్న: అంబులెన్స్‌లో ఆక్సిజన్‌ను తడిపే సీసాలో నీళ్ళు ఎప్పుడు మార్చాలి? మా ఆసుపత్రికి వచ్చే బండ్లలో కొన్నిట్లో ఆకుపచ్చ పొర కనిపిస్తోంది. సక్షన్ జాడీ (రోగి నోట్లోంచి పీల్చిన కఫం, రక్తం చేరే సీసా) సంగతి కూడా రాయండి.
– స్టాఫ్ నర్సు, అమలాపురం

జవాబు: ఆ ఆకుపచ్చ పొర నాచు. నాచు పట్టిందంటే దాంతోపాటు సూడోమోనాస్ కుటుంబం కూడా అక్కడ హాయిగా ఉండే వీలుంది. బుడగలు పగిలినప్పుడు లేచే సన్నని తుంపరలు గొట్టం ద్వారా నేరుగా రోగి ఊపిరితిత్తుల దగ్గరికి వెళతాయి. నేల మీద మురికి కంటే ఈ సీసాలో నీళ్ళు ఎన్నో రెట్లు ప్రమాదం. అయినా బండి కడిగేటప్పుడు దాని మీద ఎవరి చూపూ పడదు, నీళ్ళు తేటగా కనిపిస్తాయి కనుక.

సులువైన దారి ఒకటుంది. అమలాపురం నుంచి కాకినాడకో, రాజమండ్రికో తీసుకెళ్ళేంత సేపటికి పెద్దవాళ్ళకు తడి ఆక్సిజన్ అవసరం లేదు. కొద్దిసేపు ఇచ్చే ఆక్సిజన్‌కు, తక్కువ ప్రవాహంలో ఇచ్చేదానికి నీటి సీసా పెట్టడం వల్ల ఒరిగేది పెద్దగా లేదు. సీసాను కడిగి ఆరబెట్టి, ఖాళీగా, పొడిగా ఉంచండి. గొంతులో ట్యూబ్ ఉన్న రోగులూ, గంటల తరబడి ప్రయాణాలూ వేరే, అక్కడ డాక్టర్ చెప్పినట్టు చెయ్యాలి.

నీళ్ళు పోస్తే అవి స్టెరైల్ (క్రిమిరహిత) నీళ్ళే కావాలి. క్యాన్ నీళ్ళు, ఆర్వో నీళ్ళు కాదు. రోగి దిగాక పారబొయ్యాలి, మిగిలిన నీళ్ళ మీద కొత్త నీళ్ళు పొయ్యకూడదు. రోజూ సీసా, మూత, లోపలి పుల్ల విడదీసి సబ్బుతో కడిగి, 0.1 శాతం క్లోరిన్‌లో అరగంట ముంచి, స్టెరైల్ నీళ్ళతో జాడించి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ పుల్ల చివర బుడగలు వచ్చే జల్లెడ రంధ్రాల్లో జిగట పేరుకుంటుంది, చిన్న బ్రష్‌తో రుద్దాలి.

సక్షన్ జాడీ ప్రతి రోగి తర్వాత ఖాళీ చెయ్యాలి. కఫం, రక్తం ఉన్న జాడీలో అంతే పరిమాణం 2 శాతం హైపో పోస్తే కలిసిన దాని బలం 1 శాతం అవుతుంది. అరగంట ఉంచి, ఆసుపత్రి మురుగు కాలువలోనే పారబోసి, సబ్బుతో కడగాలి. సక్షన్ క్యాథటర్ ఒక్కసారికే. దాన్ని కడిగి కవర్‌లో దాచే అలవాటు ఎక్కడున్నా మాన్పించండి. గొంతులో ట్యూబ్ వేసేటప్పుడు వాడే లారింగోస్కోప్ బ్లేడును స్పిరిట్ దూదితో తుడిచి పెట్టెలో పెట్టడం కూడా చాలదు, అది నోట్లోకి వెళ్ళే వస్తువు. మీ సీఎస్‌ఎస్‌డీ (పరికరాలను క్రిమిరహితం చేసే విభాగం)లో స్టెరిలైజ్ చేసిన బ్లేడు ఇచ్చి, వాడినది తీసుకునే ఏర్పాటు మీ ఆసుపత్రే చెయ్యగలదు.

ప్రశ్న: మా నాన్నగారికి టీబీ. కాకినాడ తీసుకెళ్ళేటప్పుడు డ్రైవర్ ఏసీ కట్టేసి అద్దాలు దించాడు. ఎండలో ఆయన అవస్థ పడ్డారు. ఇది అవమానించడం కాదా? ఆ తర్వాత ఎక్కినవాళ్ళకు స్ట్రెచర్ నుంచి అంటుతుందా?
– రోగి కుమార్తె, నరసాపురం

జవాబు: మీ బాధ అర్థమవుతుందమ్మా, కానీ ఆ డ్రైవర్ చేసినదాంట్లో తప్పు లేదు. క్షయ సోకేది గాలి ద్వారా. దగ్గినప్పుడు వచ్చే అతిసన్న తుంపరలు మూసిన గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. లోపలి గాలినే తిప్పే ఏసీ వాటిని తిప్పి తిప్పి అందరి ముక్కుల దగ్గరికీ చేరుస్తుంది. స్ట్రెచర్ తాకితే టీబీ రాదు.

అయితే ఏసీ పూర్తిగా కట్టెయ్యక్కర్లేదు. డ్రైవర్ క్యాబిన్‌లో మీటను బయటి గాలి తీసుకునే వైపు పెట్టి, ఫ్యాన్ ఎక్కువ చేసి, మధ్య కిటికీ మూసి, వెనక భాగంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే గాలి ఒకే దిక్కున బయటికి పోతుంది. ఎగ్జాస్ట్ లేని పాత బండి అయితే పక్క అద్దం ముందు వైపుదీ, వెనకదీ రెండూ కొద్దిగా తెరవాలి. వెనకది ఒక్కటే తెరిస్తే బండి పొగ లోపలికి లాగుతుంది. రోగికి మామూలు సర్జికల్ మాస్క్, పక్కన కూర్చున్నవాళ్ళకు ఎన్95. ముక్కులో ఆక్సిజన్ గొట్టం ఉన్నా దాని మీద మాస్క్ పెట్టొచ్చు. దించాక తలుపులన్నీ తెరిచి, కడిగే సమయమంతా గాలి ఆడనిస్తే తర్వాతి రోగికి భయం లేదు.

ప్రశ్న: అద్దాలు మూసి పొగలా కొట్టే ఫాగింగ్ యంత్రం, యూవీ (అతినీలలోహిత) లైటు అమ్మడానికి వచ్చారు. మూడు బండ్లకీ కొనమంటారా?
– అంబులెన్స్‌ల యజమాని, భీమవరం

జవాబు: వద్దు. మురికి మీద కొట్టిన మందుపొగ మురికి పైపొరనే తడుపుతుంది. యూవీ కాంతి నీడపడే చోటికి వెళ్ళదు, స్ట్రెచర్ అడుగూ, కడ్డీ కింది భాగమూ దానికి కనపడవు. దుమ్ముపట్టిన యూవీ దీపపు గొట్టం సగం పని కూడా చెయ్యదు, మనిషి ఉండగా వెలిగితే కళ్ళూ చర్మమూ కాలతాయి. కొన్నిచోట్ల ఇంకా ఫార్మాలిన్, పొటాషియం పర్మాంగనేట్ కలిపి పొగబెడుతున్నారు. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం, బండిలో అసలు వాడొద్దు. ఆ డబ్బుతో గుడ్డలు, రెండో జత బెల్టులు, అదనపు పరుపు కొనండి. ఏసీ ఫిల్టర్ మార్పించండి, నీళ్ళు కారే గొట్టం పూడిందేమో చూపించండి. మన తేమకి బూజు మొదలయ్యేది అక్కడే.

ప్రశ్న: వరదలప్పుడు లంకల నుంచి రోగిని పడవలో గట్టు మీదికి తెస్తాం. అందరి కాళ్ళకీ బురదే. బండి కూడా నీళ్ళలోంచి రావాల్సి వస్తుంది. ఆ రోజుల్లో ఎలా కడగాలి?
– 108 సిబ్బంది, పి.గన్నవరం

జవాబు: 2022 జూలై వరదల్లో డెల్టా అంతటా ఇదే పరిస్థితి. కనకాయలంక లాంటి కాజ్‌వేలు మునిగితే పడవ తప్ప దారి ఉండదు. ఈ రోజుల్లో ముఖ్య భయం లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక మూత్రం కలిసిన నీళ్ళ ద్వారా, కాళ్ళ మీది గాట్లలోంచి ఎక్కే జబ్బు. దీని క్రిమి ఆరిపోతే చస్తుంది, క్లోరిన్‌కి చస్తుంది. చెమ్మగా ఉన్న బురదలో మాత్రం చాలా రోజులు ఉంటుంది.

కనుక బురద మీద బ్లీచింగ్ చల్లడం దండగ. ముందు రేకుతో గీకి, నీళ్ళు, బ్రష్, సబ్బుతో బురద రంగు పోయేదాకా కడగాలి. అప్పుడే 0.5 శాతం క్లోరిన్. తర్వాత నేల మీద రబ్బరు షీటు అంచు ఎత్తి చూడండి. పైన పొడిగా ఉన్నా కింద నీళ్ళు నిలిచి ఉంటాయి, అక్కడే వాసన మొదలవుతుంది. ముసురు విడిచిన మొదటి పూటే షీటు తీసి ఆరబెట్టాలి. గట్టు మీదే స్ట్రెచర్ చక్రాలు ఒక బకెట్ నీళ్ళతో కడిగి ఎక్కిస్తే లోపల పని సగం తగ్గుతుంది.

తడిసిన స్టెరైల్ ప్యాకెట్లు ఆరబెట్టి వాడొద్దు. కాగితం తడిసిన క్షణంలోనే అది స్టెరైల్ కాకుండా పోయింది. గాజుగుడ్డ, సిరంజిలు, క్యాన్యులాలు మూతబిగిసే ప్లాస్టిక్ పెట్టెలో, పై అరలో పెట్టండి. మీకు కాలికి దెబ్బ ఉంటే నీరు చొరని పట్టీ వేసి బూట్లు తొడగాలి. వరద విధుల్లో ముందస్తుగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేసుకోవాలా అన్నది డాక్టర్‌ని అడిగి చెయ్యండి. జ్వరం, పిక్కల నొప్పులు వస్తే నీళ్ళలో దిగామని చెప్పడం మరవొద్దు.

ప్రశ్న: శవాన్ని దించాక ఇంట్లోవాళ్ళు సాంబ్రాణి వెయ్యమంటారు, పసుపునీళ్ళు చల్లుతారు. అది చాలదా?
– డ్రైవర్, తణుకు

జవాబు: పసుపునీళ్ళు చల్లుకుంటే చల్లుకోనివ్వండి, వాళ్ళ మనసు కుదుటపడుతుంది. సాంబ్రాణి, కర్పూరం మాత్రం బండి లోపల వద్దు, సిలిండర్ నుంచి ఆక్సిజన్ కొద్దిగా కారుతున్నా అంటుకుంటుంది. శవం నుంచి కారే ద్రవాలతోనే ప్రమాదం. ముందే మందపాటి ప్లాస్టిక్ సంచిలో గానీ షీటులో గానీ చుట్టించండి. కారితే పాత కాగితాలు కప్పి, 1 శాతం హైపో మెల్లగా పోసి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగి, వైద్య వ్యర్థాల పసుపు సంచిలోకి తీసి, సబ్బుతో కడగాలి. ప్రమాదాల్లో రక్తం ఒలికినా పద్ధతి ఇదే. వీలుంటే రోగుల బండి, శవాల బండి వేరుగా ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రుల నుంచి మృతదేహాలకు మహాప్రస్థానం వాహనాలు అందుకే ఉన్నాయి.

ప్రశ్న: తల్లీబిడ్డలను ఇంటికి దించే బండి నాది. నల్ల ఫినాయిల్ గట్టిదంటారు, వాడొచ్చా?
– డ్రైవర్, కొత్తపేట

జవాబు: పసిపిల్లలు ఎక్కే బండిలో వాడొద్దు. అందులోని ఫినాల్ పదార్థాలు పిల్లల లేత చర్మం ద్వారా లోపలికి పోయి కామెర్లను పెంచుతాయి. సబ్బునీళ్ళు, తర్వాత 0.1 శాతం క్లోరిన్, మళ్ళీ మంచినీళ్ళు. ఘాటు పూర్తిగా పోయాకే బాలింతను ఎక్కించండి.

ప్రశ్న: పురుగుమందు తాగిన మనిషి వాంతి చేసుకుంటే కూడా హైపోనేనా?
– ఈఎంటీ, రావులపాలెం

జవాబు: కాదు. అది క్రిముల సమస్య కాదు, విషం సమస్య. గ్లౌజులు, మాస్క్ వేసుకుని, అద్దాలు తెరిచి, పీల్చే గుడ్డలతో తీసి, సబ్బునీళ్ళతో రెండు మూడుసార్లు కడగండి. మామూలు తుడుపు ఆ తర్వాత. ఆ గుడ్డలు మళ్ళీ వాడొద్దు.

ప్రశ్న: రిజిస్టర్‌లో అన్ని బండ్లకూ "శుభ్రం చేశాం" అని సంతకాలుంటాయి. నిజంగా చేశారో లేదో ఎలా తెలుస్తుంది? స్వాబ్ (దూదిపుల్లతో నమూనా) తీసి ల్యాబ్‌కి పంపాలా?
– పర్యవేక్షకుడు, కాకినాడ

జవాబు: అస్తమానం స్వాబ్‌లు పంపక్కర్లేదు. ఒకే జబ్బు వరసగా కొందరికి వచ్చి, బండి మీద అనుమానం కలిగినప్పుడే దానికి అర్థం. రోజువారీకి చవకైన పద్ధతి ఉంది. నోట్లు పరీక్షించే చిన్న యూవీ టార్చీ, పసుపు హైలైటర్ పెన్ను చాలు. సిబ్బందికి చెప్పకుండా పది చోట్ల, నున్నటి ఉపరితలం మీద, మినపగింజంత చుక్క పెట్టండి. కడ్డీ కింద, బకిల్ మీద, ఫ్లోమీటర్ మర మీద, సొరుగు పిడి వెనక, తలుపు గడియ మీద పెట్టడం మరవొద్దు. కడగడం అయ్యాక టార్చీ వేస్తే తుడవని చుక్క మెరుస్తుంది.

ఫలితం చూసి జరిమానాలు వేస్తే మర్నాటి నుంచి చుక్కలు మాత్రమే తుడుస్తారు. చుక్కల చోట్లు మారుస్తూ, ఏ చోటు పదేపదే తప్పుతోందో సిబ్బందికే చూపించండి. సాధారణంగా అది మనిషి బద్ధకం కాదు, చెయ్యి దూరని మూల, లేదా గుడ్డలు అయిపోవడం. ఒక్కో బండికి డ్యూటీకి ఎన్ని గుడ్డలు ఇస్తున్నారో ముందు లెక్క చూసుకోండి.

ప్రశ్న: వాడేసిన సూదులు, దూది ఎక్కడ వెయ్యాలి? కొందరు కాలువ గట్టున పారేస్తున్నారు.
– పాఠకుడు, మండపేట

జవాబు: కాలువలో వేస్తే కింది ఊళ్ళవాళ్ళు తాగే నీళ్ళలోకే వస్తాయి, అది నేరం కూడా. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలో, సెలైన్ గొట్టాలు, గ్లౌజుల లాంటి ప్లాస్టిక్ ఎర్ర సంచిలో, గాజు సీసాలు నీలం పెట్టెలో, సూదులు, బ్లేడ్లు గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బాలో వెయ్యాలి. బండిలో పసుపు, ఎర్ర సంచులూ, తెల్ల డబ్బా తప్పక ఉండాలి. వాటిని రోగిని దించిన ఆసుపత్రిలో గానీ, ఒప్పందం ఉన్న కేంద్రానికి గానీ అప్పగించాలి. సూదికి మళ్ళీ మూత పెట్టబోయి వేలికి గుచ్చుకునేవాళ్ళే ఎక్కువ, మూత పెట్టకుండా నేరుగా డబ్బాలో పడెయ్యండి. డబ్బా ముప్పావు నిండగానే మూత బిగించి మార్చెయ్యాలి.